బోర్డుమీది యక్షరములు

మనము వంకాయలు కొనునప్పుడు ఒక్కొక్కటి త్రిప్పి పుచ్చు చూచెదము. చీర కొనునప్పుడు కొంగు వెలుతురున పట్టి నేత చూచెదము. పాలవాడు క్రొత్తవాడైనచో ఒక చుక్క గోటిమీద వేసి చూచెదము. బంగారము మాట చెప్పనే యక్కరలేదు. ముద్ర లేనిదే ముట్టుకొనము. ఇంత జాగ్రత్తగల మనము, బిడ్డకు జబ్బుచేసి వైద్యుని గుమ్మమెక్కినప్పుడు మాత్రము, "అయ్యా, మీరేమి చదివితిరి? ఎక్కడ చదివితిరి?" అని యడుగుటకు నోరు రాక నిలిచిపోయెదము. అడిగినచో ఆయన చిన్నబుచ్చుకొనునేమో, మనలను గయ్యాళులనుకొనునేమో యని సంకోచింతుము. ఈ సంకోచమువలన మా యింట గొప్ప యాపద రావలసి వెంట్రుకవాసిలో తప్పిపోయినది. ఆ సంగతి చెప్పుకొనుట మాకు గౌరవము కాదు. అయినను మావంటి సోదరీమణులకు ఉపయోగపడునను తలంపుతో వ్రాయుచున్నాము.

మేము భద్రాచలమున కాపురముండి ముప్పది యేండ్లు దాటినది. ఒక వంక గోదావరి, మూడు వంకల అడవి. 2014వ సంవత్సరమున రాష్ట్రము రెండయినప్పుడు, పోలవరము ప్రాజెక్టు నిమిత్తము మా చుట్టుపట్లనున్న పల్లెలును మండలములును ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. పట్టణము మాత్రము తెలంగాణలో నిలిచినది. ఇప్పుడు మేము దుమ్ముగూడెము పోవలెనన్నచో ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో కాలుపెట్టి, మరల తెలంగాణలోనికి రావలెను. 2016లో ఖమ్మము జిల్లాయు విభాగమై, మేము భద్రాద్రి కొత్తగూడెము జిల్లావారమైతిమి. వైద్యుని సంగతి చెప్పుదునని ఈ సరిహద్దుల గొడవ యెందుకని చదువరులు విసుగుకొనవలదు. వైద్యుని పత్రములు చదువునప్పుడు దీనితో పని పడును.

మా మనుమనికి అప్పుడు ఆరేండ్లు. వానికి మోచేతుల మడతలలోను, మోకాళ్ల వెనుకను దురద. రాత్రులు గోకి గోకి నెత్తురు తెచ్చుకొనెడివాడు. పూతమందులు పూసినన్నాళ్లు తగ్గి, మానగానే మరల వచ్చెడిది. మా కోడలు నిద్ర లేక చిక్కిపోయినది. అప్పుడు పొరుగింటి పెద్దమ్మగారు, "హోమియోపతి మందిప్పించరాదా? తియ్యని మాత్రలు. పిల్లవాడు మారాము చేయకుండ మ్రింగును. మేలు చేసినచో చేయును, కీడు మాత్రము చేయదు" అని సలహా చెప్పినది. కీడు చేయదను ఆ మాట మేము చిన్ననాటినుండి వినుచున్నదే. దానిని నమ్మి బయలుదేరితిమి.

మా పట్టణమునకు కొంత దూరమున, రోడ్డు ప్రక్కనున్న యొక యూరిలో, ఆ వైద్యుడుండెను. ఊరి పేరు చెప్పము. గుమ్మముపైన పెద్ద బోర్డు. "డాక్టరు" అను మాట, దాని క్రింద మూడు వరుసల పొడి యక్షరములు: ఆర్.ఎం.పి., ఎం.డి. (ఎ.ఎం.), ఎలక్ట్రో హోమియో. మేము ఎనిమిదవ తరగతివరకు చదువుకొన్నాము. మా కోడలు పట్టభద్రురాలు. ఇద్దరమును ఆ యక్షరములను తలయెత్తి చదివితిమి. ఇన్ని చదువులు చదివిన మహానుభావుడు మా యడవిలోనికి వచ్చి కూర్చుండుట మా భాగ్యమనుకొంటిమి. లోపల హానిమన్ పటము, దానికి మల్లెపూల దండ, అద్దాల బీరువాలో వందల సీసాలు. ఆయన మాట తేనె. పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని పేరడిగెను. పేరు వ్రాయని సీసాలో మాత్రలు, పేరు వ్రాయని చిన్న డబ్బాలో తెల్లని పూతమందు ఇచ్చెను.

పది దినములలో దురద మాయమైనది. మా సంతోషమునకు మేర లేదు. మేమే నోటిమాటగా నాలుగు ఇండ్లవారిని ఆయన యొద్దకు పంపితిమి. ఈ యొక్క మాట తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని మా గుండె కలుక్కుమనును. మా యింటి తప్పు మా యింటితో పోలేదు.

వానలు పట్టినవి. శ్రావణమాసమున నొక సాయంకాలము పిల్లవానికి చలి పుట్టి, ఒడలు గడగడ వణకి, పిమ్మట జ్వరము కాగినది. ఆ వైద్యునకు ఫోను చేసితిమి. "భయపడకుడు. నా మందు లోపలి విషమును బయటికి తోయుచున్నది. ఇది మంచి గుర్తు. ఇంగ్లీషు మందు వేసినచో చేసినదంతయు చెడిపోవును" అని చెప్పి, మాత్రలు మార్చి పంపెను. మరునాటి ఉదయమునకు జ్వరము దిగి పిల్లవాడు లేచి యాడుకొనెను. మేము చేతులు జోడించితిమి. సాయంకాలమునకు మరల చలి, మరల జ్వరము. మూడవ దినమున వాడు అన్నము ముట్టలేదు. కన్నులు మూతలు పడుచుండెను. పిలిచినచో తడవు తడవుగా పలుకుచుండెను.

ఆ దినముననే, మాకు ఏటేట చింతపండును, వానకాలమున పుట్టగొడుగులును తెచ్చియిచ్చు కోయ వనిత వాకిట గంప దింపినది. ఆమెకు చదువు లేదు. లోపలి మూలుగు విని తొంగిచూచి, "నెత్తురు చూపించినారా అమ్మా?" అని యడిగినది. మేము బదులు చెప్పలేదు. "మా గూడెంల జరమొస్తే ఆశమ్మ ముందు వేలు పొడిసి నెత్తురు చూస్తది. గోలీలు తర్వాత. ఏం జరమో తెల్వకుండ ఏం మందేస్తరు?" అన్నది. అంత మాత్రమే. గంప అక్కడనే విడిచి, తానే పోయి ఆటోను పిలుచుకొని వచ్చినది.

ప్రభుత్వాసుపత్రిలో వ్రేలి చివర సూదితో గ్రుచ్చి ఒక చుక్క నెత్తురు తీసిరి. పావుగంటలో తెలిసినది: మలేరియా, అందులోను ఫాల్సిపారమ్ అను చెడ్డజాతి, మెదడున కెక్కునట్టిది. పరీక్ష చేసిన డాక్టరుగారు మమ్ము కోపపడలేదు. "ఈ రాత్రి తెచ్చితిరి, రేపటివరకు ఆగియుండినచో నేనేమి చెప్పగలనో నాకే తెలియదు" అని మాత్రమనిరి. పిల్లవాడు అయిదు దినములు ఆసుపత్రిలోనుండి బ్రతికి బయటపడినాడు.

మా ప్రాంతమునకు మన్యపు జ్వరము క్రొత్త కాదు. ఏటేట వానలతో వచ్చునదే. అది దోమవలన వచ్చునని లోకమునకు తెలిసినది మన గడ్డమీదనే: 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను, 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. మా మనుమనికి నరమున ఎక్కించిన మందు ఆర్టిమిసినిన్ సంబంధమైనది. దానిని ఒక చెట్టుమందునుండి వేరుచేసిన పరిశోధనను నడపినది చైనాదేశపు స్త్రీ, తూ యూయూ. ఆమెకు 2015లో నోబెల్ బహుమానమిచ్చిరి. ఆసుపత్రి బల్లమీద కూర్చుండి మా కోడలు ఈ సంగతి చదివి చెప్పినప్పుడు, ఎన్నడు చూడని ఆ యమ్మకు మేము మనసులోనే నమస్కరించితిమి.

ఇంకొక చిత్రమైన సంగతియు అప్పుడే తెలిసినది. హోమియోపతి పుట్టుకయే ఈ చలిజ్వరపు మందుతో ముడిపడియున్నది. 1790లో జర్మనీదేశపు వైద్యుడు హానిమన్, చలిజ్వరమున కిచ్చు సింకోనా బెరడును తానే తిని చూచి, తనకు ఆ జ్వరపు లక్షణములే కలిగినవని తలచెను. ఆ తలంపునుండియే, ఏ వస్తువు ఆరోగ్యవంతునకు ఏ లక్షణము కలిగించునో అదియే ఆ లక్షణముగల రోగికి మందు అను సూత్రమును కల్పించి, 1810లో గ్రంథము వ్రాసెను. ఆ బెరడులోని సారమగు క్వినైనును 1820లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞులు వేరుచేసిరి. దానితో ఎన్నియో ప్రాణములు నిలిచినవి. ఆ బెరడు మలేరియాను తగ్గించుట క్రిమిని చంపుటచేతనే గాని, ఆ సూత్రముచేత కాదని తరువాతివారు తేల్చిరి.

పిల్లవాడు తేరుకొన్న పిమ్మట మా మేనకోడలు హైదరాబాదునుండి చూడవచ్చినది. ఆమెకు మేము ఆ బోర్డు సంగతి చెప్పగా, కాగితము తీసి యక్షరములను ఒక్కొక్కటే విప్పి చెప్పినది. అప్పుడు మాకు సిగ్గు కలిగినది. మేము యక్షరములు చదువనేర్చితిమి గాని, వాని యర్థమడుగ నేర్వమైతిమి.

ఆర్.ఎం.పి. అనగా నమోదయిన వైద్యుడని యర్థము. కాని మన పల్లెలలో ఆ మూడక్షరములు ఏ పట్టికలోను నమోదు కానివారికే పేరైపోయినవి. వారిలో రాత్రి రెండు గంటలకు తలుపు తట్టినను లేచివచ్చు దయగలవారు లేకపోలేదు. ఆ ఋణము మరువరానిది. అయినను దయ వేరు, చదువు వేరు. ఎం.డి. అనగా పెద్ద చదువే. దాని ప్రక్క బ్రాకెట్లలో ఎ.ఎం. అని యున్నచో, అది ఆల్టర్నేటివ్ మెడిసిన్ పేర తపాలాలో తెప్పించుకొను పత్రము. దానికి చట్టమున గుర్తింపు లేదు. ఎలక్ట్రో హోమియోపతి యనునది పేరులో మాత్రమే హోమియోపతి. ఇటలీదేశపు మత్తెయి యనునాయన పందొమ్మిదవ శతాబ్దిలో కల్పించిన వేరొక పద్ధతి. హోమియోపతి వైద్యుల ప్రభుత్వపు పట్టికలో దానికి చోటు లేదు. మూడు వరుసల యక్షరములలో ఒక్క వరుసకైనను పునాది లేకపోయెను.

మరి ఉండవలసిన యక్షరములేవి? బి.హెచ్.ఎం.ఎస్. అనునది హోమియోపతిలో పట్టము. ఇది అయిదున్నర యేండ్ల చదువు. అందులో చివరి యేడాది ఆసుపత్రిలో రోగులయొద్ద పనిచేయుట. శరీరనిర్మాణము, రోగనిర్ణయము, ప్రసూతి, శస్త్రచికిత్సా విషయములు కూడ చదువవలెను. ఇది యింట కూర్చుండి తపాలాలో చదువదగినది కాదు. దానిపైన ఎం.డి. (హోమియో) మూడేండ్లు. పూర్వము డి.హెచ్.ఎం.ఎస్. అను డిప్లొమా యుండెను. ఆనాడు చదివి నమోదయిన పెద్దలు ఇప్పటికిని కొందరు వైద్యము చేయుచున్నారు. కనుక ఆ యక్షరములు చూచి బెదరవలదు.

మన తెలుగునాట ఈ చదువు చెప్పు ప్రభుత్వ కళాశాలలు గలవు. కృష్ణాజిల్లా గుడివాడలోనిది 1945లో పుట్టినది. డాక్టరు గురురాజుగారి పేర నున్నది. రాజమహేంద్రవరములోని కళాశాలకు, సినిమాలలో మనలను నవ్వించిన అల్లు రామలింగయ్యగారి పేరు పెట్టిరి. ఆయన హోమియోపతి మందులిచ్చువాడని యెందరికో తెలియదు. హైదరాబాదు రామంతాపూరులోని కళాశాల సరోజినీ నాయుడుగారి కుమారుడు జయసూర్య, పొట్టి శ్రీరాములు గార్ల పేర నున్నది.

చదువు పూర్తియైన మాత్రమున సరిపోదు; పట్టికలో పేరుండవలెను. 1973లో చేసిన చట్టమువలన హోమియోపతి వైద్యులకు దేశమంతటికి ఒక కేంద్రమండలి యేర్పడెను. 2020లో క్రొత్త చట్టము వచ్చి, 2021 జూలై నెలనుండి దాని స్థానమున జాతీయ హోమియోపతి కమిషను పనిచేయుచున్నది. ప్రతి రాష్ట్రమునను ఒక పట్టిక, దేశమంతటికి ఒక జాతీయ పట్టిక. నమోదయిన వైద్యునకు ఒక సంఖ్య యిత్తురు. ఇక్కడనే మా సరిహద్దుల సంగతి పనికివచ్చును. 2014కు ముందు చదివి నమోదయినవారి పత్రములలో ఆంధ్రప్రదేశ్ అని యుండుటయు, హైదరాబాదులో చదివినవారి పట్టముమీద విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయము పేరుండుటయు సహజమే. తరువాత తెలంగాణకు వరంగల్లులో కాళోజీ నారాయణరావు పేర వేరు విశ్వవిద్యాలయమేర్పడినది. కనుక ఊరి పేరు చూచి యనుమానపడరాదు. ఏ పట్టికలో, ఏ సంఖ్యతో నమోదయిరో అడిగి, ఆ కార్యాలయమున విచారింపవలెను.

ఇదంతయు విన్న పిమ్మట మేము హోమియోపతి మాటయే తలపెట్టరాదనుకొంటిమి. కాని పేరులేని ఆ తెల్లని పూత మానగానే, పిల్లవాని దురద మునుపటికంటె హెచ్చుగా తిరిగివచ్చినది. ఖమ్మములో నిజముగా చదివిన స్త్రీవైద్యురాలొకరు గలరని మా మేనకోడలు విచారించి చెప్పగా, మావారును, మా కోడలును, మేమును పిల్లవాని తీసికొని పోయితిమి. బస్సులో పోవుచున్నంతసేపును మేము ఒక్కటే మాట వల్లించుకొనుచుంటిమి: ఈ మారు అడుగవలెను.

ఆమె గది చిన్నది. గోడమీద పట్టము, దాని ప్రక్కనే నమోదుపత్రము చట్రము కట్టి వ్రేలాడుచుండెను. మేము చీరకొంగు వ్రేలికి చుట్టుకొనుచు, "అమ్మా, తప్పుగా తలపకుడు. మీరెక్కడ చదివితిరి? మీ నమోదు సంఖ్య వ్రాసికొనవచ్చునా?" అని యడిగితిమి. మా గొంతు మాకే వినబడలేదు. ఆమె నవ్వి లేచి, చట్రమును గోడనుండి దింపి మా చేతికిచ్చెను. "నేను వైద్యము మొదలుపెట్టిననాటినుండి ఈ ప్రశ్న అడిగినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. రామంతాపూరులో చదివితిని. సంఖ్య వ్రాసికొనుడు. దీనిని గోడమీద పెట్టుకొనుట అలంకారమునకు కాదు. నేను తప్పుచేసినచో మీరు పోయి ఎవరితో చెప్పవలెనో తెలియుటకు" అనెను.

ఆ మాట మా మనసున నాటినది. పత్రము వైద్యుని గొప్పకు గుర్తనుకొంటిమి. అది జవాబుదారీకి గుర్తు. పట్టికలో పేరున్నవానిని పట్టికవారు పిలిచి సంజాయిషీ యడుగవచ్చును. అవసరమైనచో పేరు కొట్టివేయవచ్చును. పేరే లేనివానిని ఎక్కడనుండి కొట్టివేయుదురు? మా మనుమడు ఆనాడు బ్రతుకకపోయియుండినచో, మేము పోయి ఫిర్యాదు చెప్పదగిన వైద్యమండలి గుమ్మమొక్కటియు లేకపోయెడిది.

తరువాత ఆమె పిల్లవానిని చూచి, మేము పూసిన తెల్లని మందు సంగతి విని, ముఖము చిట్లించెను. పేరులేని పూతలలో స్టెరాయిడు కలిపియుండవచ్చుననియు, అట్టివి పూసినన్నాళ్లు అణచి, మానగానే రోగమును రేపుననియు చెప్పెను. ముందుగా చర్మవైద్యుని చూపవలసినదని చీటి వ్రాసెను. కఠినమైన సబ్బు మానుమనెను. స్నానమైన వెంటనే తడి యారకముందే చర్మమునకు మెత్తన చేయు పూత పూయుమనెను. ఉన్ని బట్టలు తగులనీయవలదనెను. ఇట్టి దురద పెక్కుమంది పిల్లలకు వయసు వచ్చినకొలది తగ్గుననియు ధైర్యము చెప్పెను. చివరకు కొన్ని మాత్రలును ఇచ్చెను; సీసామీద మందు పేరు, శక్తి, తేదీ వ్రాసి యిచ్చెను.

మా కోడలు చురుకైనది. ఆసుపత్రిలో నేర్చిన భయమింక వదలలేదు. "అమ్మా, జ్వరమునకు మీరేమి యిత్తురు?" అని యడిగినది. ఆమె తడవుకొనకుండ, "భద్రాచలమువారికి జ్వరము వచ్చినచో నేనేమియు ఇయ్యను, రక్తపరీక్షకు పంపుదును. మలేరియా, క్షయ, పసిపిల్లల విరేచనములు, ఇవి నావి కావు" అనెను. ఇదే మాట ప్రపంచ ఆరోగ్యసంస్థయు 2009లో చెప్పినదని, ఆ వ్యాధులకు హోమియోపతిని ఆశ్రయింపవలదని హెచ్చరించినదని మాకు తరువాత తెలిసినది.

ఇక్కడ మేము నిజము దాచరాదు. పట్టమున్నంతమాత్రమున మందు పనిచేయునని ఆ పట్టము చెప్పదు. సీసామీద 30 అని యున్నచో, మూలపదార్థమును నూరింట ఒకటవ పాలుగా ముప్పది మారులు పలుచన చేసిరని యర్థము. పండ్రెండు మారులు దాటునప్పటికే మొదటి వస్తువు అణువొక్కటైనను మిగులుట యరుదని రసాయనశాస్త్రము చెప్పును. ఆస్ట్రేలియాదేశపు ఆరోగ్య పరిశోధనామండలి 2015లో పరిశోధనలన్నియు పరిశీలించి, హోమియోపతి గుణమిచ్చునని నమ్మదగిన ఆధారము ఏ వ్యాధి విషయమునను లేదని తేల్చినది. మన దేశమున ప్రభుత్వము దీనికి కళాశాలలు పెట్టి, చట్టము చేసి, పట్టిక యుంచినది. ఈ రెండు మాటలును నిజములే. రెండును తెలిసికొని నడచుట గృహిణికి తగినది.

మా మనుమని దురద ఇప్పుడు చాలవరకు తగ్గినది. మాత్రలవలన తగ్గెనా, సబ్బు మానుటవలన, పూతవలన, వయసువలన తగ్గెనా యని యడిగినచో మేము చెప్పజాలము. ఆ వైద్యురాలిని అడిగితిమి. "పిల్లవాడు నిద్రపోవుచున్నాడు గదా; ఘనత నాకు కావలెనని నేను పంతము పట్టను" అని నవ్వెను. ఆ నవ్వు చూచిననాడు, చదివిన వైద్యునికిని చదువని వైద్యునికిని గల భేదము మాకు స్పష్టమైనది. మొదటియాయనకు చేతకానిది లేదు. ఈమెకు తన హద్దు తెలియును. అయిదున్నర యేండ్ల చదువులో మిక్కిలి విలువైన పాఠము ఆ హద్దే కాబోలు.

ఆ హద్దును న్యాయస్థానము కూడ గీచియున్నది. హోమియోపతి చదివిన వైద్యుడొకడు జ్వరరోగికి తాను చదువని ఇంగ్లీషు మందులిచ్చి, రోగి మరణించిన వ్యాజ్యములో, 1996లో సుప్రీంకోర్టు అతడు బాధ్యుడని తీర్పుచెప్పి 3 లక్షల రూపాయల పరిహార మిప్పించినది. ఒక పద్ధతి చదివి, చదువని వేరొక పద్ధతిలో వైద్యము చేయువాడు ఆ పద్ధతికి దొంగవైద్యుడే యని ఆ తీర్పు సారాంశము. కనుక హోమియోపతి బోర్డు క్రింద సెలైను సీసాలు వ్రేలాడుచున్నను, సూదిమందులు పొడుచుచున్నను, అక్కడనుండి లేచిరావలెను.

సోదరీమణులారా! మేము నేర్చినది ఇంతే. వైద్యుని యొద్దకు పోయినప్పుడు నాలుగు మాటలు అడుగుడు. ఏమి చదివితిరి, ఎక్కడ చదివితిరి? ఏ పట్టికలో నమోదయితిరి, సంఖ్య యెంత? ఈ సీసాలో ఏమున్నది, పేరు వ్రాసి యిత్తురా? ఈ రోగము మీ చేతిలోనిదేనా, కానిచో ఎవరియొద్దకు పొమ్మందురు? చదివినవారు ఈ ప్రశ్నలకు సంతోషింతురు. కోపపడినవారి గుమ్మము దిగి వచ్చినచో మనకు నష్టము లేదు. సాగుచున్న యింగ్లీషు మందును ఆపుమనువారిని నమ్మకుడు. మా వైపు అడవి యంచున నుండువారు జ్వరము తగిలిన దినముననే నెత్తురు చూపించుకొనుడు. ఆశ కార్యకర్త యొద్దను, ప్రభుత్వాసుపత్రిలోను ఆ పరీక్షకు పైసా యక్కరలేదు.

మేము ఆ వైద్యుని యొద్దకు పంపిన నాలుగు ఇండ్లకును, పిల్లవాడు ఇంటికి వచ్చిన వారములోపలనే పోయి, గుమ్మమున నిలిచి, మేము చెప్పినది తప్పని చెప్పి వచ్చితిమి. ఇద్దరు మాట విన్నారు. ఒకరు నవ్విరి. ఒకరు ఇప్పటికిని మాతో మాటలాడరు.

ఆ కోయ వనిత మొన్న చింతపండు తెచ్చినది. పిల్లవాడు వాకిట గెంతుచుండగా చూచి, "నెత్తురు మంచిగున్నదా అమ్మా?" అని యడిగినది. ఆమెకు బోర్డుమీది యక్షరములు రావు. ఏమి యడుగవలెనో మాత్రము తెలియును.